తొంభై నాలుగో వరుస

నా దగ్గర ఆకుపచ్చ అట్ట వేసిన రూళ్ల పుస్తకం ఒకటి ఉంది. అందులో మొదటి ఆరు పేజీల్లో, పేజీకి ఇరవై ఒకటి చొప్పున, 126 వరుసలు నా చేత్తో రాసినవి ఉన్నాయి. ప్రతి వరుసలో ఐదు గళ్లు. ఫైలు పేరు, అసలు పొడవు, కుదించాక పొడవు, ఎంత శాతం తగ్గింది, చివర ఎనిమిది గుర్తుల సంఖ్య ఒకటి. వాటిలో తొంభై నాలుగో వరుస కథ ఇది. ఉద్యోగంలో చేరబోయే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. తేదీలు, లెక్కలు ఆ పుస్తకంలో చూసి రాసినవే. మాటలు మాత్రం జ్ఞాపకం మీద ఆధారపడినవి.

నేను చిత్తూరులో భూగర్భ జలాల పని చూసే ఒక కార్యాలయంలో కంప్యూటరు ఆపరేటరుగా చేశాను. జిల్లాలో ఆరు దారులు ఉండేవి. దారి అంటే ఒక కొలత మనిషి నెలకొకసారి తిరిగి వచ్చే బావుల వరుస. దారికి 24 బావులు. ఆయన సైకిలు మీద పోయి, బావిలోకి గుర్తులు పెట్టిన తాడు వదిలి, నేల నుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసి, జేబు పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవాడు. ఆఫీసుకు వచ్చాక రిజిస్టర్లో సిరాతో ఎక్కించేవాడు. ఇరవై నాలుగు బావులు, పన్నెండు నెలలు, 1974 నుంచి 1994 దాకా ఇరవై ఒక్క ఏళ్లు, ఆరు దారులు. మొత్తం 36,288 కొలతలు. హైదరాబాదుకు ఏటా సగటులు మాత్రమే పోయేవి. అసలు కొలతలు మా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

ఆ కొలతలన్నీ కంప్యూటరులోకి ఎక్కించడానికి పదిహేడు నెలలు పట్టింది. నేను ఒకసారి, మా టైపిస్టు ఒకసారి విడివిడిగా టైపు చేసి, రెండింటినీ పోల్చి, తేడా వచ్చిన చోట రిజిస్టరు తెరిచి దిద్దేవాళ్లం. ఒక దారికి ఒక సంవత్సరానికి ఒక ఫైలు. కొలతకు 64 అక్షరాలు, ఫైలుకు 18,432.

అంతలో హైదరాబాదు నుంచి పటాలు గీసే ప్రోగ్రాం ఒకటి వచ్చింది. మా యంత్రంలో డిస్కు మొత్తం నలభై మెగాబైట్లు, అది అప్పటికే నిండిపోయింది. చోటు కావాలి. అందుకని 1995 సెప్టెంబరు 11, సోమవారం నాడు ఆ 126 ఫైళ్లను జిప్ చేశాను.

ఇప్పుడు మీరు ఫైలు బొమ్మ మీద వేలు పెట్టి నొక్కితే అది ముడుచుకుంటుంది, ఇంకోసారి నొక్కితే విప్పుకుంటుంది. మాకు బొమ్మలు లేవు. నల్లటి తెర మీద ఆజ్ఞను అక్షరం అక్షరం టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పితే యంత్రం మొరాయిస్తుంది, లేకపోతే మనం టైపు చేసిన ఆ తప్పునే శ్రద్ధగా చేసిపెడుతుంది. ఈ రెండోదానికే నాకు భయం. ఇరవై మూడు లక్షల చిల్లర అక్షరాలు ఐదున్నర లక్షలకు కుదిరాయి. అంటే రెండు ఫ్లాపీలు పట్టేది ఒక ఫ్లాపీలో సగం కూడా నింపలేదు. ఒక ప్రతి యంత్రంలో ఉంచి, రెండు ప్రతులు రెండు ఫ్లాపీల మీద తీశాను. విప్పకుండానే పరీక్షించే ఆజ్ఞ ఇచ్చి చూస్తే 126 ఫైళ్లూ బాగున్నాయని చెప్పింది.

జిప్‌లో ఏమున్నాయో చూపించమంటే ఆ ప్రోగ్రాం ఒక జాబితా చూపుతుంది. ప్రతి ఫైలు ఎదుట ఎనిమిది గుర్తులు, అంకెలూ అక్షరాలూ కలిసినవి ఉంటాయి. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని యంత్రం వేసే ముద్ర అది. లోపల ఒక్క అంకె మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ప్రింటరు రిబ్బను ఎండిపోయి ఉండడంతో ఆ జాబితాను నేను చేత్తో ఎక్కించుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. మా సీనియరు అసిస్టెంటు, దైవభక్తి గల మంచి మనిషి, నా బల్ల దగ్గర ఆగి ఆ గుర్తులు చూసి, ఇవి ఏ దేవుడి మంత్రాలమ్మా, నాకూ ఒకటి ఉపదేశించు అన్నాడు. ఆఫీసంతా నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను మంత్రాలమ్మ అనే పిలిచారు.

ఇంతవరకు నేను చేసినవన్నీ సరైన పనులే. తప్పు ఆ తర్వాత చేశాను. 1996 జనవరిలో ఆఫీసు వేరే భవనంలోకి మారుతుంటే, పాత రిజిస్టర్లు ఏం చేయాలని అధికారి అడిగారు. వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కించి రెండు ప్రతులు భద్రపరచాము, కాబట్టి రిజిస్టర్ల అవసరం ఇకమీదట లేదని నోటు రాసి సంతకం పెట్టాను. ఆ మాట రాస్తుంటే గర్వంగా కూడా అనిపించింది. రిజిస్టర్లు వెనక రేకుల షెడ్డులోకి పోయాయి. ఆ వానాకాలం దాటేసరికి చెదపురుగులు వాటిని మట్టి చేసిపెట్టాయి.

1997 మే 22న లేఖ వచ్చింది. జూన్ 9, సోమవారం నాడు హైదరాబాదు నుంచి ఇంజనీర్ల బృందం వస్తుంది, నీళ్లకు ఇబ్బంది పడే మండలాలకు తాగునీటి పథకాలు ఎంపిక చేస్తుంది. అందులో ఒక షరతు. ఇరవై ఏళ్లకు తక్కువ కాకుండా నెలనెలా కొలత తెగకుండా ఉన్న దారులనే చూస్తారు. మధ్యలో తెగిన దారి ఈసారికి లేనట్టే. అప్పటికి వడమాలపేట దారిలో కొన్ని ఊళ్లలో ట్యాంకరు వస్తే గాని వంట లేదు.

నాలుగు రోజుల తర్వాత, మే 26న, కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మూడోసారి యంత్రం వేస్తే లోపల గడియారంలాగా టక్ టక్ అని కొట్టుకుంది. డిస్కు పోయింది. నేను కంగారు పడలేదు. రెండు ఫ్లాపీలు బీరువాలో ఉన్నాయి కదా అని మధ్యాహ్నం భోజనం కూడా తిన్నాను.

మర్నాడు పక్క ఆఫీసు యంత్రంలో మొదటి ఫ్లాపీ పెట్టాను. గరగరమని శబ్దం వచ్చి చదవలేనని చెప్పింది. రెండోది పెట్టాను. అదీ అంతే. బయటకు తీసి రేకు మూత జరిపి చూస్తే, లోపలి గోధుమరంగు పలక మీద ఎండిపోయిన గంధం, మధ్యలో కుంకుమ.

సీనియరు అసిస్టెంటును పిలిచి చూపించాను. ఆయన ముఖంలో ముందు తప్పు చేసిన భావమేమీ లేదు. పోయిన ఆయుధపూజ నాడు మా ఆఫీసులో టైపు మిషన్లకు, జీపుకు, కంప్యూటరుకు బొట్లు పెడుతుంటే, ఈ ఆఫీసులో ఈ రెండు ఫ్లాపీలకన్నా ముఖ్యమైనవి లేవు, వీటికీ పెట్టండి అని బీరువాలోంచి తీసి ఆయన చేతికి ఇచ్చింది నేనే. హారతి పళ్లెం పట్టుకున్నదీ నేనే. పైన అంటించిన కాగితం మీద పెట్టి ఉంటాడనుకున్నాను.

"ముఖానికి బొట్టు పెట్టకుండా ఎవురన్నా చొక్కాకి పెడతారామ్మా?" అన్నాడు. "రేకు జరిపి లోపల పెట్టినా. ఒకదానికి జాస్తి ఒకదానికి తక్కువ కాకుండా రెండింటికీ సమానంగా పెట్టినా."

సంగతి చెప్పాక మనిషి కుర్చీలో కూలబడ్డాడు. అధికారి దగ్గరికి నేనే పోతాను, నేనే చెప్తాను అని లేచాడు. నేనే వద్దన్నాను. ఆ ఫ్లాపీలను పూజ తర్వాత ఏడు నెలలు ఒక్కసారి కూడా యంత్రంలో పెట్టి పరీక్షించనిది నేను. చేసిన రోజు పరీక్షించాను, అంతే. ఇరవై నెలలు బీరువా తాళం చూసి తృప్తిపడ్డాను.

అధికారి నాకన్నా చిన్నవాడు, గొంతు ఎత్తి మాట్లాడే అలవాటు లేనివాడు. ఫైలు తెప్పించి, నా జనవరి నోటు తెరిచి నా వైపు తిప్పారు.

"ఇది మీ సంతకమే కదమ్మా?"

నాదే అన్నాను. ఇంకేమీ అడగలేదు. జూన్ 9కి పదమూడు రోజులు ఉన్నాయి, ఏం చేయగలరో చేయండి, ఆ తర్వాత నేను రాయవలసింది రాస్తాను అన్నారు. ఆయన రాయవలసింది ఏమిటో ఇద్దరికీ తెలుసు. నాకు అప్పటికి ఇరవై మూడేళ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు.

మర్నాడు పొద్దున బస్సులో తిరుపతి పోయాను. అక్కడ గాంధీ రోడ్డు వెనక సందులో ఒక సాయిబు గారు ఉండేవారు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, అప్పటికి ఫ్లాపీ డ్రైవులు బాగుచేస్తున్నారు. అద్దం పెట్టి ఫ్లాపీలు రెండూ చూశారు.

"ఏమ్మా, ఇవి ఫ్లాపీలా, పెళ్లికూతుర్లా? గంధం ఉండాది, కుంకుమ ఉండాది. మేళం ఒకటే తక్కువ," అన్నారు.

నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆయన కూడా నవ్వడం మానేసి పనిలోకి దిగారు. ప్లాస్టిక్ గూటిని బ్లేడుతో చీల్చి, లోపలి పలుచటి పలకను బయటకు తీసి, బ్యాటరీలకు పోసే శుద్ధి చేసిన నీళ్లలో ముంచి, మెత్తటి దూదితో తాకీ తాకనట్టు తుడిచారు. గంధం రాయి మీద అరగదీసినది కదా, అందులో రాతి పొడి ఉంటుందని, గట్టిగా రుద్దితే పూత లేచిపోతుందని ఆయనే చెప్పారు. ఆరబెట్టి కొత్త గూళ్లలో పెట్టడానికి ఒక రోజు, చదవడానికి రెండు రోజులు. ఫ్లాపీ మీద సమాచారం చిన్న చిన్న అరల్లో ఉంటుంది, అరకు 512 అక్షరాలు. మొదటి ఫ్లాపీలో చెడిన అరలు 31, రెండోదాంట్లో 27. రెండింటి మీదా ఒకే ఫైలు, ఒకే క్రమంలో ఉంది. కాబట్టి ఒకదాంట్లో పోయిన అరను రెండోదాంట్లోంచి తెచ్చి అతికించుకోవచ్చు. నేను రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. రెండింట్లోనూ చెడిపోయిన అర ఒక్కటే తేలింది.

జూన్ 2న ఆ అతుకుల ఫైలును మా ఆఫీసుకు తెచ్చి, ఈలోగా కొత్త డిస్కు వేసిన మా యంత్రంలో పరీక్ష ఆజ్ఞ ఇచ్చాను. తెర మీద ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే బాగుంది, బాగుంది అంటూ పైకి పోతుంటే వేలు పెట్టి లెక్కపెట్టాను. బాగున్నవి 125. పోయింది ఒకటి. మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా చేసి ఉంటే ఇంకొంచెం కుదిరేదని అప్పట్లో నాకు చెప్పినవాళ్లు ఉన్నారు. అలా చేసి ఉంటే ఆ ఒక్క అర తర్వాత ఉన్నదంతా పోయేది. విడివిడిగా చేసినందువల్ల ఒక దారికి ఒక సంవత్సరం దగ్గర ఆగింది.

పుస్తకం తెరిచాను. తొంభై నాలుగో వరుస. ఐదో దారి, వడమాలపేట, 1983. అసలు పొడవు 18,432. కుదించాక 4,371. తగ్గింది 76 శాతం. ముద్ర 7D40B29E.

చెడిన అర దాకా విప్పితే ఆగస్టులో తొమ్మిదో బావి వరకు 177 కొలతలు దక్కాయి. ఆ తర్వాతవన్నీ పిచ్చి గుర్తులు. పోయినవి 111. ఎక్కువ ట్యాంకర్లు తిరుగుతున్న దారే తెగింది.

ఆ దారి కొలత మనిషికి అప్పుడు యాభై ఆరేళ్లు. ఊరు వడమాలపేట దగ్గరే. జూన్ 3న నేను పోయేసరికి వాకిట్లో సైకిలు చైనుకు నూనె పోస్తున్నాడు. విషయం చెప్పి, జేబు పుస్తకాలు దాచాడా అని అడిగాను.

"దాచక యాడ పారేస్తానమ్మా," అన్నాడు. "మా ఇంట్లో ఆడోళ్లు పొయ్యిలోకి అడిగినారు. ఇయ్యలేదు."

ట్రంకు పెట్టె తెరిస్తే సంవత్సరం వారీగా సుతిలి కట్టిన జేబు పుస్తకాలు. 1983 కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. పెన్సిలు రాత, చెమటకు సగం చెరిగిపోయింది, ఆయనకు తప్ప మరొకరికి అర్థం కాదు. గురువారం ఆఫీసుకు వచ్చి చదివితే నేను టైపు చేస్తానన్నాను. వస్తూ వస్తూ వాకిట్లో చూశాను. బిందెలు పద్నాలుగు, ట్యాంకరు కోసం వరుసలో పెట్టి ఉన్నాయి. బిందెలకు గుర్తుగా ఒక్కొక్కదానికి ఒక్కో రంగు గుడ్డ.

జూన్ 5న తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. ఆయన చదివాడు, నేను టైపు చేశాను. ఊరి పేరు, బావి సంఖ్య, తేదీ మిగతా సంవత్సరాల ఫైళ్లలో ఉన్న పద్ధతే. ఏ బావికి నెలలో ఏ తేదీ అన్నది దారి పట్టికలో స్థిరం. కావలసింది లోతు మాత్రమే. ఆయన తాడుకు ఐదు సెంటీమీటర్లకొక గుర్తు, కాబట్టి కొలత ఎప్పుడూ ఐదుతోనో సున్నాతోనో ముగుస్తుంది. 111 కొలతలు రెండు గంటల్లో అయిపోయాయి. పొడవు సరిగ్గా 18,432 వచ్చింది. జిప్ చేసి, జాబితా చూపమని ఆజ్ఞ ఇచ్చాను.

ముద్ర వేరే వచ్చింది. ఎనిమిది గుర్తుల్లో ఒక్కటి కూడా కలవలేదు.

మొదటి నుంచి మళ్లీ చదివించాను. నాదే ఒక తప్పు దొరికింది, 3కు బదులు 8. దిద్దాను. ముద్ర మారింది గాని కలవలేదు. మూడోసారి మా టైపిస్టును కూర్చోబెట్టి సరిచూశాం. తప్పు లేదు. అయినా కలవలేదు. సాయంత్రం ఐదయ్యింది. సీనియరు అసిస్టెంటు పాపం రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి పోయాడు. అధికారి వచ్చి, 111 కొలతలు ఉన్నాయి కదా, పొడవు కూడా సరిపోయింది, ఆ ఎనిమిది గుర్తుల కోసం ఎందుకు పట్టుపడుతున్నారు అన్నారు. ఆయన మాట న్యాయమే. బృందం ఆ గుర్తులను అడగదు. కానీ నా పుస్తకం అప్పటి ఫైలు వేరు, ఈ ఫైలు వేరు అంటోంది. ఎక్కడ వేరో తెలియకుండా ఇది ఆ ఫైలే అని సంతకం పెట్టడం నాకు చేతకాలేదు. ఒక సంతకం అప్పటికే పెట్టి ఉన్నాను.

శుక్రవారం పొద్దున కొలత మనిషి నాకన్నా ముందే వచ్చి నా గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి ఊరికి పోలేదట, బస్టాండు దగ్గర చుట్టాలింట్లో ఉన్నాడట. లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, జేబు పుస్తకం నా బల్ల మీద తెరిచి ఒక చోట వేలు పెట్టాడు. నవంబరు, పదిహేడో బావి. అక్కడ అంకె లేదు. అడ్డంగా ఒక గీత ఉంది.

"ఈడ గీత ఉండాది కదన్నా. నిన్న ఆరు మీటర్ల డెబ్బై ఐదు అని ఎట్ల చదివినావు?" అన్నాను.

"పోలేదని కాదమ్మా. పోయినాను, బావి కాడికి పోయినాను. ఆ ఆసామి కట్టె పట్టుకోని నిలబడినాడు. నువ్వు తాడు ఏసి పోయినప్పట్నుంచే నా బావిలో నీళ్లు దిగిపోతా ఉండాయి, ఇంకోసారి ఏస్తే ఆ తాడుతోనే నిన్ను కట్టేస్తా అన్నాడు." గీత మీద నుంచి వేలు తీశాడు. "రిజిస్టర్లో ఖాళీ ఇడిస్తే ఏమైందని అడుగుతారు. ఒగడు తరిమినాడని యాడ చెప్పుకునేది? సిగ్గేసింది. ఏదో అంకె ఏసేసినా. డిసెంబరుకి వాడే మనసు మార్చుకోని కాఫీ కూడా ఇచ్చినాడు."

రిజిస్టర్లో వేసిన అంకె ఏదో ఆయనకు గుర్తు లేదు. నిన్న చదివేటప్పుడు అక్టోబరుకు 6.45, డిసెంబరుకు 7.05 కనిపించాయి, సరిగ్గా మధ్యది చదివాడు. అప్పుడు కూడా మధ్యదే వేసి ఉంటానని గట్టిగా అన్నాడు. అంత తెలివి లేనోడిని కాదు గదమ్మా అని కూడా అన్నాడు. కానీ మధ్యది కాదని యంత్రం నిన్ననే చెప్పేసింది.

నాకు కోపం రావాలి. రాలేదు, లెక్క వచ్చింది. 6.45 నుంచి 7.05 వరకు ఐదేసి సెంటీమీటర్ల చొప్పున పదమూడు అంకెలు. ఒకటి అయిపోయింది. మిగిలినవి పన్నెండు. ఒక్కొక్కటి మార్చడం, జిప్ చేయడం, జాబితా చూడటం, అంతా కలిపి రెండు నిమిషాలు కూడా కాదు. పన్నెండింట్లో ఏదీ కాకపోతే అప్పుడు చూద్దాం అనుకుని మొదలుపెట్టాను. మధ్య నుంచి పక్కలకు పోదామని ఆయనే అన్నాడు, తన తెలివి మీద ఇంకా నమ్మకం ఉంది. 6.70. కాదు. 6.80. కాదు. 6.65, 6.85. కాదు. 6.60, 6.90. కాదు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. 6.55, 6.95. కాదు. ఎవరు చెప్పారో గాని అధికారి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. 6.50. కాదు. 7.00. కాదు. ఇక రెండే మిగిలాయి.

6.45 కొట్టి ఆజ్ఞ ఇచ్చాను. తెర మీద వరుస వచ్చింది. నేను తెర చూడకుండా పుస్తకం చూసి గట్టిగా చదివాను. ఏడు, డి, నాలుగు, సున్నా. అధికారి తెర చూసి చదివారు. బి, రెండు, తొమ్మిది, ఇ.

సమయం పదకొండూ ఇరవై. పక్కనే రాసి పెట్టుకున్నాను.

మా అధికారి గొంతు ఎత్తగలరని ఆ రోజే తెలిసింది. సీనియరు అసిస్టెంటు పరుగెత్తుకుంటూ వచ్చి, సంగతి విని, చేతులు జోడించి తెరకు దండం పెట్టాడు. బొట్టు పెట్టవద్దని టైపిస్టు ఆయన చెయ్యి పట్టుకుంది. అందరం నవ్వుతూ ఉంటే కొలత మనిషి ఒక్కడే తెర వైపు కోపంగా చూస్తున్నాడు.

"పోయిన నెలదే దించినానా నేను?" అన్నాడు. "మధ్యది కూడా లెక్కకట్టలేదా?"

పద్నాలుగేళ్ల కిందట చేసిన ఒక పనిని, చేసినవాడే మరిచిపోయినదాన్ని, ఎనిమిది గుర్తులు పట్టి చూపించాయి. నా ఉద్యోగ జీవితంలో అంత ఆనందపడిన రోజు మరొకటి లేదు. 36,288 కొలతలు, ఒక్క అక్షరం మారకుండా తిరిగి వచ్చాయి. మంత్రాలమ్మ అన్నవాళ్లంతా ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

అయితే సాయంత్రానికి ఇంకో సంగతి తలకెక్కింది. ముద్ర కలిసింది అంటే ఫైలు మారలేదని అర్థం. అందులో ఉన్నది నిజమని కాదు. అబద్ధాన్ని కూడా ఆ ప్రోగ్రాం అంతే నమ్మకంగా మూటకట్టి, అంతే నమ్మకంగా విప్పుతుంది. ఇప్పుడు ఆ 6.45 కొలవనిదని నాకు తెలుసు. అలాగే వదిలేస్తే దారి తెగదు. తీసేస్తే వడమాలపేట దారి ఒక నెల తెగినట్టు. వాకిట్లో పద్నాలుగు బిందెలు చూసి వచ్చాను. శని, ఆదివారాలు అదే ఆలోచన. చివరికి ఆదివారం సాయంత్రం అధికారి ఇంటికి పోయి, నేను ఆ కొలత తీసేస్తున్నాను, బృందానికి కారణం చెప్తాను, దారి పోతే నా మీద రాయండి అని చెప్పాను. సంతకం ఇద్దరిదీ ఉంటుంది అన్నారు ఆయన.

సోమవారం మా జిల్లాకూ పక్క జిల్లాలకూ కలిపి జరిగిన సమావేశంలో ఐదో దారి వంతు వచ్చింది. బృందం పెద్ద, తెల్లజుట్టు ఇంజనీరు, కాగితాలు తిప్పుతూ 1983 నవంబరు దగ్గర ఆగి, ఇక్కడ ఖాళీ ఏమిటని అడిగారు. నేను లేచేలోపు వెనక వరుసలో ఒక కుర్చీ చప్పుడైంది. ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు కొలత మనిషి.

"అది నేను కొలవలేదు సార్," అన్నాడు. "ఆసామి రానీలేదు. దొంగ అంకె ఏసినా. అమ్మ పట్టుకునింది."

మిగతావి ఎన్ని అని ఇంజనీరు అడిగారు. నేను చెప్పాను. ఈ కొలత మనిషి దారిలో ఇరవై ఒక్క ఏళ్లకు 6,048, అందులో ఇది ఒకటి, మిగతావి 6,047.

"అవన్నీ తాడు ఏసి కొల్సినవే," అన్నాడు ఆయన, నిలబడే.

ఎలా పట్టుకున్నారని ఇంజనీరు నన్ను అడిగారు. పుస్తకం ఇచ్చి, తొంభై నాలుగో వరుస చూపించి, జరిగింది పది నిమిషాల్లో చెప్పాను, గంధం కుంకుమలతో సహా. ఆయన నవ్వలేదు. అద్దాలు సవరించుకుని ఆ ఆరు పేజీలూ చివరి దాకా చూశారు. తర్వాత మిగిలిన దారుల వాళ్లను, మిగిలిన జిల్లాల వాళ్లను వరుసగా అడిగారు. మీ కొలతల్లో లోపం ఎక్కడుందో మీకు తెలుసా అని. అందరూ ఎదుటి కాగితాలు తిరగేశారు. లోపం ఎక్కడుందో చెప్పగలిగిన దారి నాకు ఇదొక్కటే కనబడుతోంది అని, ఐదో దారి పక్కన తన కలంతో ఏదో రాసుకున్నారు. ఆగస్టులో పథకాలకు ఎంపికైన దారుల జాబితా వచ్చింది. అందులో ఐదో దారి పేరు మొదట ఉంది. నా మీద మెమో ఏదీ రాలేదు. అధికారి నా పాత నోటు కిందనే, ఇకమీదట ప్రతి మూడు నెలలకు ప్రతులను విప్పి పరీక్షించవలెను అని రాసి సంతకం చేశారు. 2008లో రిటైరయ్యేదాకా ఆ పని నేను ఒక్కసారి కూడా తప్పించలేదు. మీకు నేను చెప్పేదీ అంతకన్నా ఎక్కువ లేదు. మూట కట్టినవాడు అప్పుడప్పుడు విప్పి చూసుకోవాలి.

ఆ ఫ్లాపీలు ఇప్పుడు ఏ యంత్రంలోనూ పట్టవు. పుస్తకం మాత్రం ఉంది. తొంభై నాలుగో వరుసను నేను కొట్టివేయలేదు. దాని కింద ఎర్ర సిరాతో కొత్త ముద్ర, తేదీ, కారణం, మూడు సంతకాలు ఉన్నాయి. మూడోది కొలత మనిషిది.

ఆయన 1999లో రిటైరయ్యాడు. ఆ రోజు నాకు ఒక పొట్లం ఇచ్చి, మీ దగ్గరే ఉండనీండమ్మా, మా ఇంట్లో పొయ్యి ఉండాది అన్నాడు. విప్పితే 1983 జేబు పుస్తకాలు. నవంబరు పేజీ తీశాను. పదిహేడో బావి ఎదుట పాత గీత అలాగే ఉంది. దాని పక్కన కొత్త పెన్సిలుతో, ఆయన చేతి రాతలో మొట్టమొదటిసారి నాకు సులువుగా చదవడానికి వచ్చిన మాట ఒకటి ఉంది. కొలవలేదు.